బట్టతల మందులు: మొలిచే జుట్టు సరే, వెంట వచ్చే దుష్ప్రభావాల మాటేమిటి?

బట్టతల మందుల మీద వచ్చే సమీక్షలు చాలావరకు జుట్టు మొలిచిందా లేదా అన్న దగ్గర మొదలై అక్కడే ముగుస్తాయి. వాడకముందు ఒక ఫోటో, వాడిన తర్వాత ఒక ఫోటో, వాటి కింద నాలుగు మంచి మాటలు, అంతే. ఈ సమీక్షలో కొలబద్ద వేరు. మగవారికి వంశపారంపర్యంగా వచ్చే బట్టతల ప్రాణం తీసే జబ్బు కాదు, నొప్పి పెట్టే జబ్బు కాదు. పైగా దానికి ఉన్న మందులేవీ నయం చేసి తప్పుకునేవి కావు, వాడినంత కాలం పనిచేసి, మానేసిన కొన్ని నెలలకే ఇచ్చినదాన్ని వెనక్కి పట్టుకుపోయేవి. అంటే పాతికేళ్ల వయసులో మొదలుపెట్టినవాడు యాభై దాటేదాకా రోజూ వాడవలసిన సరుకు ఇది. అటువంటి సరుకును ఎన్ని వెంట్రుకలు ఇచ్చిందన్న లెక్కతో మాత్రమే తూచడం నాకు సబబుగా తోచదు. దుష్ప్రభావం మొదలైనప్పుడు ఆ సంగతి వాడేవాడికి తెలుస్తుందా, తెలిసి మానేస్తే ఆ దుష్ప్రభావం కూడా పోతుందా అన్న రెండు ప్రశ్నలకు దొరికే జవాబులను బట్టే ఇక్కడ ఒక్కో మందుకు అయిదింటికి ఇన్ని అని మార్కులు వేశాను. పైపూత మినాక్సిడిల్‌ను ఏళ్లుగా వాడుతున్నాను, ఫినాస్టరైడ్ మాత్రను కొంతకాలం వాడి మానేశాను. తక్కినవి నేను వాడలేదు గనుక, వాటి విషయంలో ప్రచురితమైన పరీక్షల మీద, మందుల నియంత్రణ సంస్థలు చెప్పిన దాని మీద ఆధారపడ్డాను.

మినాక్సిడిల్ జుట్టు మందుగా మారిందే ఒక దుష్ప్రభావం పుణ్యమా అని. అమెరికాకు చెందిన అప్‌జాన్ కంపెనీ దీన్ని మాత్రగా, తక్కిన మందులకు లొంగని అధిక రక్తపోటు కోసం తయారుచేసింది; ఆ మాత్రకు 1979లో అనుమతి వచ్చింది. అది మింగిన రోగులకు రక్తపోటు తగ్గడం మాట అటుంచి, నుదుటి మీద, చెంపల మీద, చేతుల మీద వెంట్రుకలు ఒత్తుగా పెరగసాగాయి. ఆ ఇబ్బందినే పనికొచ్చే గుణంగా మలిచి, మాడుకు రాసుకునే 2 శాతం ద్రావణంగా 1988లో రోగైన్ పేరుతో అమ్మకానికి తెచ్చారు. తర్వాతి దశాబ్దం చివర్లో 5 శాతం ద్రావణం, 2006లో నురుగు రూపం వచ్చాయి. కాబట్టి ఈ మందు వాడేవాడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: రక్తనాళాలను వెడల్పు చేసే గుణం దాని అసలు గుణం, జుట్టు పెరగడం కొసరు. మాడు మీద రాసినంత మాత్రాన ఆ అసలు గుణం ఎక్కడికీ పోదు, మోతాదు తక్కువ కావడం వల్ల అణగి ఉంటుందంతే.

ద్రావణం, నురుగు రెండూ వాడాను. ద్రావణంలో మందు కరిగి ఉండేందుకు ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు. డ్రాపర్‌తో ఒక మిల్లీలీటరు తీసి నడినెత్తిన వదిలితే, వేలితో అద్దేలోపే అది పాపిట వెంట కణత మీదికి జారుతుంది. మాడున నిలిచిన కాస్తా జిడ్డుగా అంటుకుని, ఆరిన తర్వాత వెంట్రుకల మొదళ్ల దగ్గర తెల్లటి పొడిగా తేలుతుంది. తల దువ్వితే ఆ పొడి ముదురు రంగు చొక్కా భుజాల మీద చుండ్రులా రాలి పడుతుంది. అసలు దుష్ప్రభావం దీని తర్వాతి మెట్టు: రాసిన చోట దురద, ఎరుపు, పొలుసులు లేవడం. పైపూత మినాక్సిడిల్‌తో ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. చాలా సందర్భాల్లో ఇందుకు కారణం మినాక్సిడిల్ కాదు, దాన్ని కరిగించి ఉంచిన గ్లైకాల్. నురుగులో గ్లైకాల్ ఉండదు. నా దురద ద్రావణంతో వచ్చింది, నురుగుకు మారాక పోయింది. నురుగుతోనూ దురద ఆగనివారు చర్మవైద్యుడి దగ్గర ప్యాచ్ పరీక్ష చేయించుకుంటే, పడనిది నురుగులోని మరో పదార్థమా, మినాక్సిడిలేనా అన్నది తేలుతుంది. రెండోదైతే మానేయడం తప్ప దారి లేదు. నురుగుకూ ఒక పేచీ ఉంది. వేలి వెచ్చదనానికే అది నీరైపోతుంది, అందుకే చేతులు చన్నీళ్లతో కడిగి, తుడుచుకుని అప్పుడు తీసుకోమని పెట్టెలోని కాగితంలోనే రాసి ఉంటుంది.

మొదటి రెండు నెలల్లో జుట్టు మరింతగా రాలడం ఈ మందు పెట్టే పరీక్ష. విశ్రాంతి దశలో ఉండి ఎప్పుడో రాలవలసిన వెంట్రుకలను మందు ఒక్కసారిగా బయటికి నెట్టి, కుదుళ్లను మళ్లీ పెరుగుదల దశలోకి తెస్తుంది. దువ్వెనకు, స్నానాల గది జాలీకి చిక్కిన వెంట్రుకలను చూసి మందు వికటించిందని చాలామంది అక్కడే మానేస్తారు. దీన్ని నేను దుష్ప్రభావాల ఖాతాలో వేయను గానీ, అమ్మేవారు ముందుగా చెప్పకపోవడాన్ని మాత్రం వారి ఖాతాలో వేస్తాను.

మాడు మీద రాసిన మందులో సగటున 1.4 శాతం మాత్రమే రక్తంలోకి చేరుతుంది. ఆ కొంచెంతోనే కొందరికి గుండెదడ, కళ్లు తిరగడం, కాళ్లూ చేతులూ ఉబ్బడం, కారణం లేకుండా బరువు పెరగడం కనిపిస్తాయి. ఇవి వస్తే మందు ఆపి వైద్యుడికి చూపించుకోవాలి, ఛాతీలో నొప్పి అయితే ఆ రోజే వెళ్లాలి. మాడు మీద పుండో, ఎండకు కమిలిన చర్మమో ఉన్నప్పుడు ఆ 1.4 శాతం లెక్క చెల్లదు. సూదుల రోలర్‌తో మాడును గుచ్చి వెంటనే మినాక్సిడిల్ రాయమని చెప్పే వీడియోలు ఈ విషయం ఎత్తవు: సూది చేసిన ప్రతి రంధ్రమూ మందు లోపలికి పోవడానికి తెరిచిన వాకిలే. రాత్రి పడుకోబోయే ముందు రాసుకుంటే మందు దిండుకు, దిండు నుంచి ముఖానికి అంటి, చెంపల మీదా కణతల మీదా నూగు మొలుస్తుంది. అందుకే నిద్రకు కనీసం రెండు గంటల ముందు రాసుకోవాలి. ఆ నూగు మందు ఆపిన కొన్ని నెలలకు రాలిపోతుంది.

వాడేవాడికి కాక ఇంట్లో తక్కినవారికి కలిగే హాని గురించి సమీక్షల్లో మాటే రాదు. మినాక్సిడిల్ రాసుకున్న తండ్రి తలకు, చేతులకు తరచూ తగిలే పసిబిడ్డల ఒంటిమీద అసాధారణంగా వెంట్రుకలు పెరిగిన కేసులు యూరప్‌లో నమోదయ్యాయి. ఆ తాకిడి ఆగిన తర్వాత అవి తగ్గాయి. స్పెయిన్‌లో 2019లో, కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ అన్న పేరుతో పొరపాటున మినాక్సిడిల్ కలిసిపోయిన మందు తాగిన పలువురు పసిపిల్లలకు ఒళ్లంతా వెంట్రుకలు రావడం అప్పట్లో పెద్ద వార్త. పిల్లులకు ఇది విషం. యజమాని తల నాకినా, మందు అంటిన దిండు నాకినా వాటి ప్రాణానికే ముప్పు. ఇంట్లో పసిపిల్ల ఉన్నా, పిల్లి ఉన్నా రాసుకున్న చేతులు సబ్బుతో కడుక్కోవడం, తల ఆరేదాకా దూరంగా ఉండటం తప్పనిసరి.

ఇన్ని చెప్పినా, ఈ మందు దుష్ప్రభావాల్లో ఎక్కువ భాగం చర్మం మీద కంటికి కనిపించేవి, మానేస్తే పోయేవి. నా కొలబద్ద ప్రకారం నురుగుకు నాలుగు, ద్రావణానికి మూడు.

ఫినాస్టరైడ్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. దీని కథ డొమినికన్ రిపబ్లిక్‌లో మొదలైంది. అక్కడ కొన్ని కుటుంబాల్లో పుట్టినప్పుడు ఆడపిల్లలుగా కనిపించి, యుక్తవయసులో మగవారిగా ఎదిగే పిల్లల గురించి జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం 1974లో ప్రచురించింది. వారిలో మగ హార్మోను టెస్టోస్టిరాన్‌ను డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా, అంటే డీహెచ్‌టీగా మార్చే ఎంజైము లోపించింది. వారు పెద్దయినా ప్రోస్టేట్ గ్రంథి చిన్నదిగానే ఉండిపోయింది, బట్టతల రాలేదు. ఆ ఎంజైమును మందుతో అడ్డుకుంటే ప్రోస్టేట్ వాపుకు వైద్యం దొరుకుతుందన్న ఆలోచనకు అది బలమిచ్చింది. మెర్క్ కంపెనీ 5 మిల్లీగ్రాముల మాత్రను 1992లో ప్రోస్టేట్ వాపు కోసం, 1 మిల్లీగ్రాము మాత్రను 1997 డిసెంబరులో ప్రొపీషియా పేరుతో బట్టతల కోసం తెచ్చింది. రోజుకు ఒక్క మిల్లీగ్రాముతో రక్తంలోని డీహెచ్‌టీ దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిపోతుంది, టెస్టోస్టిరాన్ కొద్దిగా పెరుగుతుంది. జుట్టు విషయంలో పనితనాన్ని శంకించనక్కర్లేదు: రెండేళ్ల పరీక్షలో మందు వాడినవారిలో 83 శాతం మందికి నడినెత్తి వెంట్రుకల లెక్క తగ్గలేదు, పోలిక కోసం మందు లేని ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో ఆ భాగ్యం 28 శాతానికే దక్కింది.

దుష్ప్రభావాల అంకెలు కూడా అదే పరీక్షల నుంచి వచ్చాయి. 18 నుంచి 41 ఏళ్ల మధ్య మగవారిపై జరిగిన ఆ పరీక్షల మొదటి ఏడాదిలో కోరిక తగ్గిందన్నవారు మందు వైపు 1.8 శాతం, ఉత్తుత్తి మాత్ర వైపు 1.3 శాతం, అంగస్తంభనలో ఇబ్బంది అన్నవారు 1.3, 0.7, వీర్య స్ఖలనంలో మార్పు అన్నవారు 1.2, 0.7. అన్నీ కలిపి లైంగికమైన దుష్ప్రభావం చెప్పినవారు 3.8 శాతం, 2.1 శాతం. అంటే నూరుమందిలో మందు వల్ల అదనంగా ఇబ్బంది పడినవారు ఇద్దరికి లోపే. అమ్మేవారు ఈ అంకెను గట్టిగా చెబుతారు, అది అబద్ధమూ కాదు. అయితే అది ఒక ఏడాదికి సంబంధించిన లెక్క, మందును ఇరవై ఏళ్లు వాడబోయేవాడు చదువుతున్న లెక్క. పైగా, ప్రశ్నాపత్రంలో అడిగితే తప్ప మగవాడు బయటికి చెప్పుకోని ఇబ్బందుల లెక్క.

మార్కెట్లోకి వచ్చిన తర్వాత మందు పెట్టెలోని కాగితం మారుతూ వచ్చింది. మాత్ర ఆపిన తర్వాత కూడా అంగస్తంభన సమస్య కొనసాగినట్టు నివేదికలు ఉన్నాయని 2011లో, కోరిక, స్ఖలనం, భావప్రాప్తి సమస్యలు కూడా అలాగే కొనసాగినట్టు నివేదికలు ఉన్నాయని 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ కాగితంలో చేర్పించింది. కుంగుబాటు అప్పటికే చేరింది. ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు 2022లో చేరాయి. బ్రిటన్ నియంత్రణ సంస్థ 2024లో మాత్రల పెట్టెలో రోగి కోసం హెచ్చరిక కార్డు పెట్టాలని నిర్ణయించింది. యూరోపియన్ మందుల సంస్థ భద్రతా సంఘం 2025 మేలో ఆత్మహత్య ఆలోచనలు ఫినాస్టరైడ్ మాత్రల దుష్ప్రభావమేనని నిర్ధారించింది. ఎంత తరచుగా వస్తాయో అంచనా కట్టలేమంది, నమోదైన కేసుల్లో ఎక్కువ భాగం జుట్టు కోసం 1 మిల్లీగ్రాము మాత్ర వాడినవారివేనంది, అనుమతించిన వాడకాలకు మందు వల్ల మేలే ఎక్కువన్న తీర్పును మాత్రం మార్చలేదు. శరీరంలో ఈ ఎంజైము టెస్టోస్టిరాన్ మీదే కాక మెదడులో మనసును నెమ్మదిగా ఉంచే అల్లోప్రెగ్ననొలోన్ వంటి పదార్థాల తయారీలోనూ పాలుపంచుకుంటుంది గనుక, మందుకూ మనసుకూ సంబంధం ఉండటం వింతేమీ కాదు.

దీనికి అవతలి వైపు 2007లో వచ్చిన ఒక ఇటాలియన్ పరీక్ష ఉంది. ప్రోస్టేట్ వాపుకు 5 మిల్లీగ్రాములు వాడబోయే రోగుల్లో ఒక గుంపుకు లైంగిక దుష్ప్రభావాలు రావచ్చని ముందే చెప్పారు, ఇంకో గుంపుకు చెప్పలేదు. ఏడాది తర్వాత చెప్పిన గుంపులో 43.6 శాతం, చెప్పని గుంపులో 15.3 శాతం ఆ సమస్యలు వచ్చాయన్నారు. మందు అదే, మోతాదు అదే. ఈ పరీక్షను పట్టుకుని, ఫినాస్టరైడ్ బాధితులందరిదీ అపోహేనని వాదించేవారు ఉన్నారు. ఆ వాదన నాకు మింగుడుపడదు. చెప్పని గుంపులోనూ నూటికి పదిహేనుమంది ఉన్నారు కదా. పైగా భయం వల్ల వచ్చినా పడకగదిలో ఆ ఇబ్బంది ఇబ్బందే. ఇటువైపు, ప్రతి ఉదాసీనతకూ ప్రతి అలసటకూ మాత్రనే నిందించేవారి లెక్కలూ అంతే నమ్మదగనివి. ఈ రెండింటి మధ్య వాడేవాడికి దొరికే సాయం ఒక్కటే: మాత్ర మొదలుపెట్టకముందు తన పరిస్థితి ఎలా ఉందో రాసిపెట్టుకోవడం. నిద్ర, ఉత్సాహం, కోరిక, తెల్లవారుజామున సహజంగా కలిగే అంగస్తంభన, ఈ నాలుగింటి మీద నెలకో నాలుగు ముక్కలు రాసుకుంటే చాలు.

నేను అలాగే రాసుకున్నాను. మొదటి నెలల్లో తేడా లేదు. తర్వాత కోరిక మందగించింది, వీర్యం పలచబడి పరిమాణం తగ్గింది. వైద్యుడితో మాట్లాడి ఆపాను. కొన్ని నెలల్లో రెండూ పూర్వస్థితికి వచ్చాయి. అది మందు వల్లనేనని ఒక్క మనిషి అనుభవంతో తేల్చలేం, ఆ కాలంలో జీవితంలో మరెన్నో జరుగుతుంటాయి. కానీ రాసిన కాగితాలు లేకపోతే ఆ మందగింపును వయసు మీద తోసేసి మాత్ర మింగుతూనే ఉండేవాడిని. ఫినాస్టరైడ్ దుష్ప్రభావాల్లో నాకు బాగా గుచ్చుకున్న సంగతి ఇదే: అవి దురదలా అరిచి చెప్పవు. మెల్లగా వస్తాయి. మనిషి తన స్వభావమే అలా మారిందనుకుంటాడు. కుంగుబాటు విషయంలో ఇది మరీ నిజం, ఎందుకంటే కుంగినవాడికి తాను కుంగానన్న ఎరుకే ముందు పోతుంది. ఇంట్లో ఒకరికి, భార్యకో అన్నకో స్నేహితుడికో, నేను ఈ మాత్ర వాడుతున్నాను, నాలో తేడా కనిపిస్తే చెప్పమని ముందే అనడం మంచిది. గతంలో కుంగుబాటు ఉన్నవారు వైద్యుడికి ఆ సంగతి చెప్పకుండా ఈ మాత్ర ముట్టరాదు. వాడుతుండగా చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్ర వెంటనే ఆపి, అదే రోజు వైద్య సహాయం తీసుకోవాలి.

తక్కిన చిన్నా పెద్దా విషయాలు కొన్ని ఉన్నాయి. ప్రోస్టేట్ కాన్సర్ కోసం చేసే పీఎస్‌ఏ రక్తపరీక్షలో ఈ మందు వాడేవారి అంకె దాదాపు సగానికి పడిపోతుంది, వైద్యుడికి ఆ సంగతి చెప్పకపోతే పెరిగిన అంకె కూడా మామూలుగానే కనిపిస్తుంది. నలభై దాటినవారికి ఇది ముఖ్యం. 18 వేలమందికి పైగా మగవారితో 5 మిల్లీగ్రాముల మాత్ర మీద జరిగి 2003లో వెలువడిన పెద్ద పరీక్షలో ప్రోస్టేట్ కాన్సర్ మొత్తం మీద నాలుగో వంతు తగ్గింది గానీ, ఉద్ధృతమైన రకం మందు వైపు 6.4 శాతం, ఉత్తుత్తి మాత్ర వైపు 5.1 శాతం కనిపించి కలవరపెట్టింది. తర్వాత ఏళ్ల తరబడి గమనించగా మరణాల్లో తేడా తేలలేదు. రొమ్ములు ఉబ్బడం, నొప్పి పెట్టడం అరుదు. గడ్డ తగిలితే మాత్రం ఆలస్యం చేయకూడదు. సంతానం కోసం ప్రయత్నిస్తూ ఆలస్యమవుతున్నవారు వీర్య పరీక్షతో పాటు ఈ మాత్ర సంగతీ వైద్యుడికి చెప్పాలి, ఆపాక వీర్యం మెరుగుపడిన నివేదికలు ఉన్నాయి. ఆపిన నెల దాకా రక్తదానం చేయకూడదు, ఆ రక్తం గర్భిణికి ఎక్కితే కడుపులోని మగశిశువు జననాంగాల ఎదుగుదలకు ప్రమాదం. అదే కారణం వల్ల విరిగిన మాత్రను గర్భిణి చేత్తో ముట్టకూడదు. కొంత డబ్బు మిగులుతుందని 5 మిల్లీగ్రాముల మాత్రను నాలుగు ముక్కలు చేసుకునేవారు చాలామంది. మాత్ర మీది పొర ఉన్నదే ఆ తాకిడి తగలకుండా. కోసిన బల్ల మీద మిగిలిన పొడిని ఎవరు తుడుస్తున్నారో ఆలోచించుకోవాలి.

ఫినాస్టరైడ్ మాత్రకు మూడు మార్కులు. ఎక్కువమందికి ఏమీ కాదన్నది నిజమే కాబట్టి అన్ని ఇచ్చాను. ఏదైనా అయితే ఆలస్యంగా తెలుస్తుందన్నందుకు, కొద్దిమందికి ఆపినా పోలేదన్న నివేదికలను నియంత్రణ సంస్థలే అచ్చువేయించినందుకు రెండు కోశాను.

మాత్ర భయానికి విరుగుడుగా ఇప్పుడు ఫినాస్టరైడ్‌ను పైపూతగా అమ్ముతున్నారు, తరచుగా మినాక్సిడిల్‌తో కలిపి ఒకే సీసాలో. మాడుకే పరిమితం, ఒంట్లోకి పోదు అన్నది ప్రచారం. 0.25 శాతం స్ప్రే మీద జరిగిన పరీక్షలో మాత్ర రక్తంలోని డీహెచ్‌టీని సగానికి పైగా తగ్గిస్తే, స్ప్రే మూడో వంతు తగ్గించింది. తక్కువే, కానీ పరిమితం అనదగినంత తక్కువ కాదు. మందుల దుకాణాలు సొంతంగా కలిపి అమ్మే ఇటువంటి పైపూతల వల్ల దుష్ప్రభావాలు కలిగినట్టు 2019 నుంచి 2024 వరకు 32 కేసులు తమకు చేరాయని ఎఫ్‌డీఏ 2025 ఏప్రిల్‌లో హెచ్చరించింది. వాటిలో కుంగుబాటు, లైంగిక సమస్యలు ఆపిన తర్వాతా కొనసాగినవి ఉన్నాయి. ఆన్‌లైన్‌లో వైద్య సలహా ఇచ్చి మందు పంపే ఒక సేవను దీని కోసం పరీక్షించి చూశాను. ప్రశ్నాపత్రంలో నా జుట్టు గురించి, నా తండ్రి జుట్టు గురించి, నా సంతృప్తి గురించి వివరంగా అడిగారు. మనసు గురించి గానీ, సంతాన ప్రయత్నం గురించి గానీ, ఇంట్లో గర్భిణి ఉందా అని గానీ ఒక్క ప్రశ్న లేదు. వచ్చిన సీసా మీద మోతాదు చీటీ ఉంది, దుష్ప్రభావాల కాగితం లేదు. అటువంటి సీసాకు ఒక్క మార్కు, అదీ మందులో పనితనం ఉన్నందుకు. ఆ సేవకు సున్న.

డూటాస్టరైడ్‌ను గట్టి మందుగా చెబుతారు. ఎంజైములో రెండు రకాలనూ అడ్డుకుని డీహెచ్‌టీని 90 శాతానికి పైగా తగ్గిస్తుంది. బట్టతలకు దక్షిణ కొరియా 2009లో, జపాన్ 2015లో అనుమతించాయి, చాలా దేశాల్లో ప్రోస్టేట్ వాపుకు మాత్రమే అనుమతి ఉంది. నా రెండో ప్రశ్న దగ్గర ఇది తేలిపోతుంది. ఫినాస్టరైడ్ రక్తంలో సగానికి తగ్గడానికి పట్టేది కొన్ని గంటలు, దీనికి పట్టేది దాదాపు అయిదు వారాలు. ఆపిన ఆరు నెలల దాకా రక్తదానం వద్దన్నది అందుకే. దుష్ప్రభావం వచ్చిందని ఇవాళ మానేసినవాడు నెలల పాటు ఆ మందుతోనే ఉంటాడు. రెండు మార్కులు.

తక్కువ మోతాదు మినాక్సిడిల్ మాత్ర ఇప్పుడు చర్మవైద్యుల చీటీల్లో బాగా కనిపిస్తోంది. జుట్టు కోసం దీనికి అధికారిక అనుమతి లేదు. రోజూ రాసుకునే శ్రమ లేదన్నది దీని ఆకర్షణ. 1,404 మంది రోగుల రికార్డులతో 2021లో వచ్చిన అధ్యయనంలో 15 శాతం మందికి ముఖం మీదా ఒంటిమీదా అదనపు వెంట్రుకలు వచ్చాయి. తల తేలిపోవడం 1.7 శాతం, ఒంట్లో నీరు చేరడం 1.3 శాతం, గుండె వేగం పెరగడం 0.9 శాతం. ఇవన్నీ మోతాదు తగ్గిస్తే, ఆపితే తగ్గేవి, తొందరగా తెలిసేవి, కాబట్టి మూడు మార్కులు ఇస్తున్నాను. కానీ రక్తపోటుకు వాడే పెద్ద మోతాదు మాత్ర కాగితంలో గుండె చుట్టూ నీరు చేరవచ్చన్న హెచ్చరిక ఇప్పటికీ, అన్నిటికంటే గట్టి హెచ్చరికలకు కేటాయించే నల్లటి గీతల పెట్టెలో ఉంది. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఇది సౌకర్యం కోసం మింగే మాత్ర కాదు.

దుష్ప్రభావాలే లేవని అమ్మే బయోటిన్ అనే విటమిన్ మాత్రల గురించి ఒక్క మాట. బయోటిన్ లోపం లేనివారికి దానితో జుట్టు వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. పెద్ద మోతాదులో అది ఒంటికి చేసే హాని కంటే రక్తపరీక్షలకు చేసే హాని పెద్దది: గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షలో అంకెను తప్పుగా తక్కువ చూపించగలదని, అటువంటి సందర్భంలో ఒక రోగి మరణించినట్టు నివేదిక అందిందని ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. థైరాయిడ్ పరీక్షలనూ ఇది తికమక పెడుతుంది. రక్తం ఇచ్చేముందు బయోటిన్ వాడుతున్నామని చెప్పేవారు ఎందరుంటారు?

జుట్టు నాట్లకు, అంటే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కు, ఈ కొలబద్ద సరిగా అమరదు, ఎందుకంటే అక్కడ ఆపడం అన్న వీలు లేదు. శస్త్రచికిత్స తర్వాత చుట్టూ ఉన్న పాత జుట్టు కూడా కొంత రాలడం, కుదుళ్ల దగ్గర చీముపొక్కులు, కొన్ని నెలల పాటు మొద్దుబారిన చర్మం, ఇవి సాధారణంగా సర్దుకుంటాయి. తల వెనుక నుంచి పరిమితికి మించి కుదుళ్లు పీకితే ఆ పలచదనం మాత్రం శాశ్వతం. నాటిన జుట్టు నిలుస్తుంది, నాటని పాత జుట్టు రాలుతూనే ఉంటుంది, కాబట్టి నాటు వేసినవారే మళ్లీ ఫినాస్టరైడ్ రాసిస్తారు. మందుల బాధ తప్పుతుందని ఆ గదిలోకి వెళ్లేవారు ఈ చీటీ గురించి డబ్బు కట్టకముందే అడగాలి.

ఆపాలనుకున్నప్పుడు ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే చాలామంది దుష్ప్రభావంతో వేగుతూ కూడా ఆపడానికి జంకేది జుట్టు పోతుందనే. మినాక్సిడిల్ ఆపితే మూడు నాలుగు నెలల్లో, ఫినాస్టరైడ్ ఆపితే ఏడాది లోపు, మందు నిలబెట్టిన జుట్టు పోయి, మందు వాడకపోయి ఉంటే ఈపాటికి ఎలా ఉండేదో ఆ స్థితికి తల చేరుతుంది. అంతకంటే అధ్వాన్నంగా మారదు. నేను మాత్ర ఆపినప్పుడు నురుగును కొనసాగించాను. నడినెత్తి మునుపటికంటే పలచబడింది, నురుగు కొంతవరకు ఆదుకుంది. రెండూ ఒకేసారి మొదలుపెట్టవద్దని, ఒకేసారి ఆపవద్దని నా వైద్యుడు చెప్పిన మాటకు కారణం కూడా ఇదే: ఏదైనా తేడా వచ్చినప్పుడు అది ఏ మందు వల్ల వచ్చిందో తేల్చుకోవడానికి వాటి మధ్య కనీసం కొన్ని నెలల ఎడం ఉండాలి.